ముందు ఏ మందూ వాడలేదు

చియావ్ లోయ,
1994 నవంబరు 8

మరదలు పిల్ల ఐలియెన్‌కు,

సూజెన్ వదిన దీవించి రాసేది. నువ్వు ఆ పెద్దాసుపత్రిలో మంచం కాళ్ళ దగ్గర ముడుచుకుని కూర్చుని ఉంటావని నాకు తెలుసు. సంత దాటి ఎరగని దానివి. మా తమ్ముడు బావ్‌షాన్ నిన్న ఇంటికొచ్చి మొక్కజొన్న కండెలు ఒలుస్తూ అన్నీ చెప్పాడు. కిటికీ పక్క మంచం దొరికిందట. అక్కడి ఆవిరి రొట్టెలు కుక్కను కొట్టడానికి తప్ప దేనికీ పనికిరావట. బొగ్గు లారీ అతనితో కొర్రలు, ఎనిమిది గుడ్లు, ఉప్పులో ఊరిన ముల్లంగి పంపుతున్నాను. అవి నీకు. వార్డంతా పంచి పుణ్యం కట్టుకోకు. పాలిచ్చి మానేసిన ఒళ్ళు, నువ్వు పడిపోతే మళ్ళీ ఎత్తడానికి నేనే రావాలి.

మన గుమ్మడిగాడి సంగతికి వస్తాను. వాడు పుట్టినప్పుడు ఆ తలకాయ చూసి ఊరంతా పెద్ద అధికారి అవుతాడని మురిసిపోతే, అది తెలివి కాదు, నీళ్ళని చెప్పింది నేనొక్కదాన్నే. గుర్తుందా? అమ్మ నన్ను చీపురు పుచ్చుకుని తరిమింది. చివరికి ఏమైంది? ఆగస్టులో పట్నం డాక్టర్లు తలలోంచి పొట్టలోకి సన్నటి గొట్టం వేసి ఆ నీళ్ళు దించారు. తల పెరగడం ఆగింది. ఆ తరవాత వాడికి మూడుసార్లు జ్వరం తగిలింది. మూడుసార్లూ నువ్వు నా గడప తొక్కావు, మూడుసార్లూ మూడేసి రోజులు సెలైన్‌లో పెద్ద మందు కలిపి ఎక్కించాను, మూడుసార్లూ జ్వరం చెప్పినట్టు విని దిగిపోయింది. నాలుగోసారి మా తమ్ముడికి తొందరెక్కువై బస్సెక్కించాడు. ఎక్కిస్తే ఎక్కించాడు. చూడనీ.

ఇప్పుడు చెప్పేది చెవిన పెట్టు. బిడ్డకు ముందు ఏ మందు వాడారని అక్కడ అడుగుతారు. ఏదీ వాడలేదని చెప్పు. అల్లం నీళ్ళు పట్టామని చెప్పు. మూడేళ్ళు నిండని పిల్లలకు ఊరి డాక్టర్లు ఆ మందు సెలైన్‌లో పెట్టకూడదని జిల్లా ఆఫీసు వాళ్ళు సెప్టెంబరులోనే కాగితం పంపారు. ఇరవై ఏళ్ళుగా నా గుమ్మానికి వేలాడుతున్న వైద్యం బోర్డు ఒక్క పూటలో ఊడబెరుకుతారు. ఇంకో సంగతి కూడా ఉంది. ఊరి వైద్యం మాట వింటే చాలు, పట్నం డాక్టర్లు బిడ్డను చూడటం మానేసి తల్లిని తిట్టడం మొదలుపెడతారు. అన్నీ కుళ్ళబెట్టుకుని మా దగ్గరికి తెస్తారని అంటారు. ఆ తిట్లు తినేది నువ్వే కదా. ఎక్కిన మందు ఎప్పుడో ఉచ్చగా పోయింది. లేదని ఒక్క మాట అంటే ఎవరి సొమ్మూ పోదు. బావ్‌షాన్‌కూ చెప్పాను.

చెవి వెనక చర్మం కింద గొట్టానికున్న బుడిపెలోంచి సూదితో నీళ్ళు తీసి పరీక్షకు పంపుతారట. నువ్వు చూడకు, తల తిప్పుకో. రెండు జతల మేజోళ్ళు తొడుక్కో.

మీ వదిన,
సూజెన్

*

చియావ్ లోయ,
1994 డిసెంబరు 15

ఐలియెన్‌కు,

బావ్‌షాన్ పంచాయతీ ఆఫీసుకు ఫోను చేశాడు. లైను గరగరమంటుంటే సగం విన్నాను, సగం ఊహించుకున్నాను. తలలో నీళ్ళు గంజిలా చిక్కబడ్డాయట. గొట్టం తీసేసి, తలలోంచి బయటికి ఇంకో గొట్టం పెట్టి, మంచం పక్కన సంచి కట్టారట. సంచి ఒక్క జానెడు కిందికి దిగినా ప్రమాదమే కాబట్టి వాణ్ణి లేవనివ్వకుండా నువ్వు రాత్రింబవళ్ళు పట్టుకుని కూర్చుంటున్నావట. మూడు వారాలు మందు ఎక్కించాలట. టార్చి వేస్తే గుమ్మడిగాడు వెలుగు వైపు తిరగడం లేదని చెప్పి తమ్ముడు ఫోనులోనే ఏడ్చాడు.

నేను రాలేను. ఊళ్ళో దగ్గులు, జ్వరాలు మొదలయ్యాయి. నా గది ముందు పిల్లలు బారులు తీరి ఉన్నారు. అందుకే ఉత్తరం.

అడగకూడదు కానీ ఊరంతా అడుగుతున్న మాట నేనూ అడగాలి. పోయినసారి పరీక్షలో ఏ క్రిమీ మొలవలేదన్నారు. శుభ్రంగా ఉన్నాడని వాళ్ళే చెప్పి నవంబరు పద్నాలుగున ఇంటికి పంపారు. శుభ్రంగా వచ్చిన బిడ్డకు నాలుగు వారాల్లో చీము ఎక్కడిది? మొదటి మంచు కురిసిన రోజు నువ్వు వాడికి తల రుద్ది నీళ్ళు పోశావని అమ్మ అంటోంది. చెవి వెనక సూది గుచ్చిన చోటు అప్పటికి మానీ మానకుండా ఉంది. "తల కడిగి కొడుకు కళ్ళు పోగొట్టింది" అని కొట్టు దగ్గర పదిమందిలో అనేసింది. నేను అనడం లేదు. కానీ నిప్పు లేనిదే పొగ రాదంటారు. ఈ లోయలో ఆరోగ్యంగా ఉన్న బిడ్డకే చలి పోయేదాకా తల తడపరు. మీ ఏటి అవతలి వాళ్ళకు శుభ్రం పిచ్చి.

జరిగిందేదో జరిగింది. డాక్టర్లకు ఆ తలంటు సంగతి ఉన్నదున్నట్టు చెప్పు. డాక్టర్ల దగ్గర ఏదీ దాచకూడదు. బావ్‌షాన్ ముందు ఏడవకు, వాడు అలిసిపోయి ఉన్నాడు.

సూజెన్

*

చియావ్ లోయ,
1995 జూన్ 20

ఐలియెన్‌కు,

నువ్వు పుట్టింటికి వెళ్ళి మూడు నెలలు దాటింది. నీ రెండు ఉత్తరాలూ, పిల్లవాడికి కుట్టి పంపిన చొక్కా అందాయి. చొక్కా పొట్టిదైంది.

ఇందులో రెండు కాగితాలున్నాయి. మొదటిది విడాకులది. రెండోది గుమ్మడిగాడికి రెండు కళ్ళూ లేవని సర్కారు ఇచ్చే పత్రం, దాని మీద తల్లి వేలిముద్ర కావాలి. ఇంటికి ఒక్క బిడ్డే అన్నది సర్కారు రూలు కదా, ఆ పత్రం ఉంటేనే బావ్‌షాన్‌కు రెండో బిడ్డను కనే అనుమతి వస్తుంది. అమ్మ ఎవరినో చూసింది కూడా. నిన్ను నొప్పించాలని రాయడం లేదు. చెట్టు మీద కాయ పుచ్చితే ఇంకో కాయ కోసం చూడటం లోకరీతి.

పిల్లవాణ్ణి నీ దగ్గరికి పంపమని అడిగావు. ఐలియెన్, నీ చేతుల్లో ఉన్నప్పుడే కదా ఇది జరిగింది. ఇప్పుడు వాడికి కొత్త గొట్టం ఉంది. ఎప్పుడు వాంతి అవుతుందో, ఎప్పుడు మగతగా పడుకుంటాడో చూసే మనిషి కావాలి. మీ ఊళ్ళో థర్మామీటరు చూడటం ఎవరికి వచ్చు? వాడు నా దగ్గరే ఉంటాడు. మొదటి పది రోజులు అమ్మా అమ్మా అని గోడలు తడుముకుంటూ తిరిగాడు. ఇప్పుడు మానేశాడు. నువ్వు వచ్చి చూసి వెళితే మళ్ళీ మొదలవుతుంది. రెండిటి మీదా వేలిముద్ర వేసి పంపించు.

సూజెన్

*

చియావ్ లోయ,
1998 అక్టోబరు 25

నా తల్లీ, ఐలియెన్,

చదవకుండా చింపకు. ముందు నీ బిడ్డ మాట చెబుతాను, ఆ తరవాత నీ ఇష్టం. వాడు బతికే ఉన్నాడు. నేను ఇది రాస్తుంటే కింద పొయ్యి వేడి తగిలే అరుగు మీద కూర్చుని వేళ్ళతో తడుముతూ అక్రోట్లు కొడుతున్నాడు. సగం పప్పు నోట్లోకే పోతోంది.

పోయిన నెల రెండో తేదీన వాడికి జ్వరం వచ్చింది. పొద్దున్నే రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. నా చెయ్యి అలవాటు ప్రకారం మందుల బీరువా మీదికి పోయింది. సీసా పట్టుకున్నాను కూడా. మళ్ళీ అక్కడే పెట్టేశాను. ఒక్క మాత్రైనా వేయకుండా వాణ్ణి వీపున కట్టుకుని మొదటి బస్సెక్కాను. అప్పటి డాక్టర్ మెంగే ఉన్నాడు, జుట్టు నెరిసింది. ముందు ఏ మందైనా వాడారా అని అడిగాడు. ఏదీ వాడలేదు, ఈసారి నిజంగానే అన్నాను. ఆ చివరి ముక్క నా నోట్లోంచి ఎలా జారిందో నాకు తెలియదు. ఆయన తలెత్తలేదు. ఆ గంటలోనే బుడిపెలోంచి నీళ్ళు తీయించాడు. తీశాకే యాంటీబయాటిక్ మొదలుపెట్టాడు. మూడో రోజుకల్లా పరీక్షలో క్రిమి మొలిచింది, దాన్ని ఏ మందు చంపుతుందో తెలిసింది. పాత గొట్టం తీసి సంచి కట్టారు. పద్నాలుగు రోజులు నరంలోకి మందు ఎక్కించారు. మూడుసార్లు నీళ్ళు తీసి చూసి, మూడుసార్లూ శుభ్రమని తేలాక ఎడమ వైపు కొత్త గొట్టం వేశారు. ఇంటికొచ్చేశాం. పద్ధతంతా ఇదే. ఇంత మామూలు పని. నేను ఆ సంచి పక్కన కూర్చుని రోజులు లెక్కపెట్టుకుంటూ ఏడ్చాను. పక్క మంచం ఆవిడ పాపం, పిల్లవాడి మీద బెంగనుకుని నాకు బత్తాయి ఒలిచిపెట్టింది.

ఇంటికి పంపే రోజు డాక్టర్ మెంగ్ నన్ను గదిలోకి పిలిచి తొంభై నాలుగు నవంబరు నాటి కాగితం ముందు పెట్టాడు. ముందు వాడిన మందులు అన్నచోట లేవు అని ఉంది. ఆయన మెల్లగా అన్నాడు: "ఇక్కడ అవును అని ఉంటే ఏమీ మొలవలేదన్న పరీక్షను నేను నమ్మేవాణ్ణి కాదమ్మా. మందులన్నీ ఆపి, కొన్నాళ్ళు ఆగి, మళ్ళీ నీళ్ళు తీసేవాణ్ణి. పిల్లవాణ్ణి ఇంటికి పంపేవాణ్ణి కాదు." కాగితం మడిచి లోపల పెట్టుకున్నాడు.

నాకు ఆ సంగతి అప్పుడే తెలిసిందని ఆయన అనుకుని ఉంటాడు. అసలు పాపం అక్కడే ఉంది. అది నీకు చెప్పాలనే ఈ ఉత్తరం. క్రిమి లేదన్నారని నువ్వు నవ్వుతూ బస్సు దిగావు చూడు, నవంబరు పద్నాలుగు, ఆ మర్నాడు పొద్దున్నే నా శిక్షణ పుస్తకం దుమ్ము దులిపి తీశాను. ఎందుకో తెలుసా? గొట్టాల గురించి నాలుగు మాటలు నేర్చుకుని ఊళ్ళో గొప్పలు చెప్పుకోవడానికి. అందులో నల్లగా అచ్చేసి ఉంది. పరీక్షకు ముందు మందు పడితే క్రిమి అణుగుతుంది కానీ చావదు, గొట్టాన్ని పట్టుకుని దాక్కుంటుంది, అప్పుడు పరీక్ష చేస్తే లేదనే వస్తుంది, ఆ మాటను నమ్మరాదు. మూడుసార్లు చదివాను. నువ్వు అప్పుడు గోడకు అవతల, మీ వాకిట్లో వాడికి కొర్రగంజి తినిపిస్తున్నావు. నీ మాటలు వినిపిస్తూనే ఉన్నాయి. నేను గోడ మీదుగా ఒక్క వాక్యం చెబితే చాలు, వాడు మధ్యాహ్నం బస్సులో ఉండేవాడు.

చెప్పలేదు. డిసెంబరు ఐదున జిల్లా వాళ్ళు తనిఖీకి వస్తున్నారు. అది దాటనీ అనుకున్నాను. వాళ్ళు వచ్చారు, నా బీరువా చూశారు, ఎర్ర అంచు ప్రశంసా పత్రం ఇచ్చి పోయారు. దాన్ని గోడకు కొట్టుకుని, పిల్లవాడు ఆడుకుంటూనే ఉన్నాడు కదా, పుస్తకం అందరికీ వర్తిస్తుందా ఏమిటి అని నాకు నేనే చెప్పుకున్నాను. పదకొండున ఫిట్సు వచ్చాయి. నాకు ఇరవై ఆరు రోజులు చేతిలో ఉన్నాయి ఐలియెన్. ఇరవై ఆరు రోజులూ ఆ గోడకు ఇవతల తిరిగాను.

తలంటు మాట అమ్మ పుట్టించింది కాదు. నేనే ఆవిడ చెవిన వేశాను. నువ్వు వాడికి నీళ్ళు పోయలేదు. గోరువెచ్చటి గుడ్డతో మెడ తుడిచావు, అంతే. నేను కళ్ళారా చూశాను. చూసి కూడా ఆ ఉత్తరం రాశాను. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని ఉన్నా బాగుండేది, నేను పక్కవాళ్ళను దొంగ దొంగ అని చూపించాను. నువ్వు వెళ్ళిపోయిన రోజు వాడు నీ కోటు గుండీ పట్టుకుని వదలకపోతే వేళ్ళు ఒక్కొక్కటే విడదీసింది నేనే. అప్పుడూ నాకు అంతా తెలుసు.

ఇంక మొయ్యలేను. వచ్చే నెల పదో తేదీన బోర్డు దింపి జిల్లా ఆఫీసులో ఇచ్చేస్తాను. బావ్‌షాన్‌ను, అమ్మను, కొత్త మరదలిని కూర్చోబెట్టి వాళ్ళ ముందు అంతా చెప్పేస్తాను. పిల్లవాణ్ణి వాళ్ళింటికి పంపి నేను మా అమ్మాయి దగ్గరికి వెళ్ళిపోతాను. ఊరు ఉమ్మేస్తే ఉమ్మేయనీ. నీ అడ్రసు మీ అన్న కాళ్ళా వేళ్ళా పడితే ఇచ్చాడు. నువ్వు ఎంత తిట్టినా పడతాను. క్షమించానని మాత్రం ఒక్క ముక్క రాయి. నీకు దణ్ణం పెడతాను.

నీ పాపిష్టి వదిన,
సూజెన్

*

బొమ్మల ఫ్యాక్టరీ, మూడో వసతి గది,
1998 నవంబరు 4

సూజెన్ గారికి,

మీ ఉత్తరం నిన్న అందింది. భోజనాల బెల్లుకూ పని బెల్లుకూ మధ్య రాస్తున్నాను. ఇది పదో తేదీలోగా మీకు చేరదని తెలిసి, ఏమీ చేయకుండా ఆగమని నిన్ననే తంతి ఇచ్చాను, చూసే ఉంటారు. ఇప్పటికే బోర్డు దింపి ఉంటే తిరిగి తగిలించండి.

వాడి పేరు గుమ్మడి కాదు. చెంగ్‌లిన్.

మీరు రాసిన ఆనాటి సంగతుల్లో ఒక్కటి తప్ప అన్నీ నాకు తెలుసు. మీ తలంటు ఉత్తరం ఆసుపత్రికి వచ్చిన మర్నాడు డాక్టర్ మెంగ్ నా దగ్గరికి వచ్చి, ఈ క్రిమి మామూలు మందుకు లొంగడం లేదు, ముందు ఏదైనా పడిందేమో బాగా గుర్తు తెచ్చుకో అన్నాడు. డాక్టర్ల దగ్గర ఏదీ దాచకూడదని మీరు రాశారు కదా. మీ మాట విన్నాను. మూడుసార్లు, తొమ్మిది సీసాలు అని చెప్పాను. మందు పేరు తెలియదు, సీసా మీది అక్షరాలు గుర్తున్నంతవరకు ఆయన పుస్తకంలో గీసి చూపించాను. ఆయన నుదురు పట్టుకుని కూర్చున్నాడు. తరవాత మందు మార్చాడు. వాడు అలా బతికాడు. నేను మొదట లేదన్న మాటకు ఎంత ఖరీదైందో కూడా ఆయనే చెప్పాడు. మీ మీద జిల్లాకు రాస్తానని కాగితం తీస్తే కాళ్ళ మీద పడి వద్దన్నాను. మా ఇంటివాళ్ళకు ఎవరికీ చెప్పవద్దని మాట తీసుకున్నాను. ఆ మాట నిలబెట్టుకున్నాడు కాబట్టే మీకు మొదటి కాగితం చూపించాడు, నేను నిజం చెప్పాక రాసుకున్న రెండోది చూపించలేదు.

మీ మీద ప్రేమతో చేశానని అనుకోకండి. మీ ఉత్తరం చదవగానే నన్ను వెళ్ళగొడతారని అర్థమైంది. మీకు భయం పట్టిందని కూడా అర్థమైంది. నన్ను పంపేస్తే వాడు ఎవరి చేతిలో పెరుగుతాడని ఆలోచించాను. మీ అమ్మకు కళ్ళు మసక. మీ తమ్ముడు గనిలో ఉంటాడు. మీరు తప్ప ఆ లోయలో వాంతికి, జ్వరానికి అర్థం తెలిసిన మనిషి లేదు. నిజం బయటపెడితే మీరూ పోతారు. చేసిన తప్పు తెలిసి, అది ఎవరికీ తెలియదనుకునే మనిషి, వాడికి ఎక్కిళ్ళొచ్చినా లేచి కూర్చుంటుంది. నేను వాడికి అంతకంటే మంచి కాపలా పెట్టి రాలేకపోయాను. అందుకని తలంటాననే ఒప్పుకున్నాను. వార్డులో అందరి ముందు బావ్‌షాన్ చెంపమీద కొట్టినా నోరు తెరవలేదు. రెండు కాగితాల మీదా వేలిముద్ర వేశాను. నన్ను అమాయకురాలినని మీ ఇంట్లో అనుకున్నారు.

ఈసారి మీ చెయ్యి బీరువా మీదికి వెళ్ళి వెనక్కి వచ్చిందని రాశారు. నాలుగేళ్ళు నేను నోరు మూసుకున్నది దాని కోసమే.

నాకు తెలియనిది ఆ ఇరవై ఆరు రోజుల సంగతి. ఫిట్సు వచ్చాకే మీకు అర్థమై ఉంటుందనుకున్నాను. తెలియక చేసింది, భయంతో దాచింది అనుకుని ఇన్నేళ్ళలో మిమ్మల్ని కొంత క్షమించాను కూడా. నాకు తెలియకుండానే క్షమించాను. మీ ఉత్తరం చదివాక అది వెనక్కి తీసుకున్నాను.

మీరు బావ్‌షాన్‌కు ఏమీ చెప్పరు. చెబితే మీ గుండె బరువు దిగుతుంది, చెంగ్‌లిన్ మాత్రం చంటిబిడ్డతో ఉన్న సవతి తల్లి వాకిట్లో పడతాడు. మీరు ఏ అమ్మాయి దగ్గరికీ వెళ్ళరు. లేదన్న నోరు నాది, అది నేను మోస్తున్నాను. మీది మీరు మోయండి. వాడికి వయసొచ్చాక ఇద్దరి సంగతీ నేనే చెబుతాను.

క్షమించానని రాయమన్నారు. రాయను. రాస్తే రేపు వాడి ఒళ్ళు వెచ్చబడినప్పుడు మీ చెయ్యి మళ్ళీ ఆ సీసా మీదికి పోతుంది.

ప్రతి నెలా మొదటి వారంలో ఉత్తరం వేయండి. వాంతులు, జ్వరం, నిద్ర, తల చుట్టుకొలత రాయండి, ఇంకేమీ వద్దు. మీ గుమ్మం ముందు జ్వరంతో బిడ్డలు కూర్చుని ఉంటారు, వెళ్ళి తలుపు తీయండి.

చెంగ్‌లిన్ తల్లి,
ఐలియెన్